నాలుగో తరగతి బాబుకి ఏడీహెచ్‌డీ అన్నారు: బడిలో ఏమడగాలి, ఎలా అడగాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. కాకినాడలో డాక్టరు గారు చూసి ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి ఒకచోట నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య, అన్నారు. క్లాస్ టీచరు రోజూ డైరీలో ఎర్ర పెన్నుతో ‘వర్క్ పూర్తి చేయలేదు’ అని రాసి పంపుతున్నారు. హెచ్‌ఎం గారేమో ‘క్లాసులో 45 మంది ఉన్నారు, మీ ఒక్క పిల్లాడి కోసం వేరే రూల్ పెట్టలేం, కావాలంటే టీసీ తీసుకోండి’ అన్నారు. మీ వారు ‘చిన్నప్పుడు నేనూ అంతే, వాడికేం లేదు, కాలవ గట్టున గాలం వేసుకుని గంటసేపు కదలకుండా కూర్చుంటాడు’ అంటున్నారు. బడిని ఏమడగాలి, అడిగే హక్కు మనకుందా, పదో తరగతికి వచ్చేసరికి వీడి సంగతేంటి అన్నవి మీ ప్రశ్నలు.

నేను మొదట ఏడేళ్లు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. తర్వాత ప్రత్యేక విద్యలో బీఈడీ చేసి, 14 ఏళ్లుగా కోనసీమ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల గురించి కాదు, బడి గురించి చెబుతాను.

ముందు మీ వారి మాట తీసుకుంటాను. ఆయన చూసింది నిజం. గాలం దగ్గర బెండు కదిలిన ప్రతిసారీ వాడికి అప్పటికప్పుడు జవాబు దొరుకుతుంది. చేప పడిందో, ఎర తినేసి పోయిందో ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. లెక్కల నోటు అలాంటిది కాదు. సోమవారం రాసింది గురువారం దిద్ది ఇస్తారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి దృష్టి లేకపోవడం కాదు, దాన్ని మనకి కావలసిన చోట పెట్టి అక్కడే నిలపడం వాళ్ల చేతిలో ఉండదు. ఇష్టమైనది, కొత్తది, ఫలితం వెంటనే కనిపించేది అయితే అది దానంతటదే వెళ్లి అతుక్కుంటుంది. మిగతా చోట్ల జారిపోతుంది. అందుకని ‘ఇక్కడ కూర్చోగలిగినవాడు అక్కడెందుకు కూర్చోడు, ఇదంతా పొగరు’ అన్న తీర్మానానికి రాకూడదు. నిజానికి గాలం మనకో దారి చూపిస్తోంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

‘నేనూ అంతే’ అన్నది కూడా కొట్టేయాల్సిన మాట కాదు. ఇది కుటుంబాల్లో గట్టిగా దిగివచ్చే లక్షణం. ఎత్తు ఎంతగా తల్లిదండ్రుల నుంచి వస్తుందో ఇదీ దాదాపు అంతగా వస్తుంది. ఈసారి కాకినాడ వెళ్లినప్పుడు ఆ మాట ఆయన్నే స్వయంగా డాక్టరు గారికి చెప్పమనండి, పనికొస్తుంది. ఆయన ఎలాగో నెట్టుకొచ్చారు, సంతోషం. కానీ ఆయన రోజుల్లో నాలుగున్నరకి గంట కొట్టగానే సంచీ పడేసి కాలవలో దూకేవారు. మీ బాబు ఆరున్నర దాకా స్టడీ అవర్లో కూర్చుంటున్నాడు.

ఇక అసలు సంగతి. ఈ పిల్లలకి ఏం చేయాలో తెలుసు. తెలిసినదాన్ని చేయాల్సిన నిమిషంలో చేయలేకపోతారు. రాత్రి అన్నం దగ్గర మీరు గంటసేపు బుద్ధి చెప్పినా, మర్నాడు పదిన్నరకి లెక్కల పీరియడ్‌లో అది అక్కరకి రాదు. సాయం ఆ బెంచీ దగ్గర, ఆ నిమిషంలో ఉండాలి. మనం బడిని అడిగేదంతా ఇంతే, ఇంతకు మించి ఏమీ లేదు. మార్కులు దానం చేయమనడం లేదు, సిలబస్ తగ్గించమనడం లేదు.

ఒక పిల్లాడి గురించి చెబుతాను, నేను పక్కన కూర్చుని చూసినదే. వాడిదీ నాలుగో తరగతే. మూడో బెంచీ, రోడ్డు వైపు కిటికీ. టీచరు బోర్డు మీద ఐదు కూడికలు రాశారు. మొదటిది 3,482కి 1,967 కలపాలి. వాడు తలెత్తి బోర్డు చూశాడు, మూడు వేశాడు. మళ్లీ తలెత్తాడు. బయట కొబ్బరికాయల లారీ హారన్ కొట్టింది. చూపు కిటికీలోకి వెళ్లింది, తిరిగి వచ్చింది. ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు. ఎనిమిది వేశాడు, తర్వాత నాలుగు. పెన్సిల్ కింద పడింది, దాని కోసం వంగాడు. అలా ఒక్క లెక్క ఎక్కించేసరికి పక్క పిల్లలు మూడు పూర్తి చేశారు. వాడి నోటులో చివరికి పడింది 3,842. దానికి 1,967 కలిపి 5,809 అని వేశాడు. టీచరు ఇంటూ కొట్టారు. మీరు కలిపి చూడండి, వాడు వేసిన కూడిక తప్పు కాదు. వాడికి కూడిక వచ్చు, బోర్డు మీది నోటులోకి ఎక్కించడమే రాలేదు. మర్నాడు ఇంటర్వెల్ తర్వాత అలాంటివే పది లెక్కలు కాగితం మీద రాసి ఇచ్చాను, ఒక్కో లెక్కే కనిపించేలా. ఎనిమిది సరిగ్గా చేశాడు. ముందు రోజు క్లాసులో ఐదింటికి రెండే చేసి, అందులో ఒకదానికి ఇంటూ వేయించుకున్నవాడు.

ఆ కాగితం చూశాక టీచరు గారికి నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన పనే లేకపోయింది. ఆవిడే ‘వీణ్ణి ఇన్నాళ్లూ దేనికి తిట్టానండీ?’ అన్నారు. నేనూ అలా తిట్టినదాన్నే. ప్రైవేటు బడిలో చేరిన కొత్తలో ఐదో తరగతి పిల్లాడొకణ్ణి ఒక టర్మ్ అంతా నా పీరియడ్‌లో వరండాలో నిలబెట్టాను. వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు ఎవరైనా నాకు ఈ ఎక్కించడం సంగతి చూపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మీ బాబు టీచరుకి మీరు చూపించగలరు.

కాబట్టి మొదట అడగాల్సింది: బోర్డు మీది లెక్కలు, ప్రశ్నలు కాగితం మీద ఇవ్వమని. జిరాక్స్ అక్కర్లేదు, పక్కన కుదురుగా ఉండే పిల్లాడి నోటు చూసి ఎక్కించుకోనిచ్చినా చాలు. దగ్గర నుంచి దగ్గరకి చూసి రాయడం బోర్డు నుంచి రాయడం కన్నా వీళ్లకి చాలా తేలిక. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. పాత శుభలేఖ అట్ట తీసుకుని, మధ్యలో ఒక లైను పట్టేంత కిటికీ కత్తిరించండి. పేజీ మీద పెడితే ఒక్క లెక్క, లేదా ఒక్క వాక్యమే కనిపిస్తుంది. అయిపోగానే కిందికి జరుపుకుంటాడు. కాసేపటికి అది వాడికే ఆట అవుతుంది. నా దగ్గర ఇలాంటి అట్టలు ఓ డబ్బా నిండా ఉన్నాయి.

రెండోది సీటు. ‘ముందు బెంచీలో కూర్చోబెట్టండి’ అని అందరూ అంటారు, అది సగమే నిజం. ముందు బెంచీ తలుపు పక్కన ఉంటే వరండాలో పోయే ప్రతి మనిషీ వాడికి సినిమాయే. కిటికీకి, తలుపుకి దూరంగా, టీచరు నడుస్తూ నడుస్తూ బెంచీ మీద వేలితో తట్టగలిగే చోటు కావాలి. ఆ తట్టడం టీచరుకీ పిల్లాడికీ మధ్య ముందే మాట్లాడుకున్న గుర్తు. పేరు పెట్టి గట్టిగా పిలిస్తే 45 తలలు ఇటు తిరుగుతాయి, వాడికి రోజుకి ఇరవైసార్లు అవమానం. తడితే ఎవరికీ తెలియదు. కొంతమంది పిల్లలు నిలబడి రాస్తే బాగా రాస్తారు. అలాంటివాణ్ణి వరస చివర గోడ పక్కన కూర్చోబెడితే నిలబడ్డా వెనకవాళ్లకి అడ్డం రాడు.

మూడోది కదలిక. వీళ్లని నలభై నిమిషాలు కదలకుండా కూర్చోమంటే ఆ కూర్చోవడానికే ఉన్న ఓపికంతా ఖర్చయిపోతుంది, పాఠానికి మిగలదు. పీరియడ్‌కి ఒకసారి పని పేరుతో లేపాలి. నోటు పుస్తకాలు పోగుచేయడం, బోర్డు తుడవడం, ఆఫీసు రూమ్ నుంచి చాక్‌పీసులు తేవడం. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. పైగా అల్లరివాడన్న పేరున్న పిల్లాడికి పనిమంతుడన్న పేరు వస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగేది వర్క్ పూర్తి కాలేదని ఇంటర్వెల్లో, పీటీ పీరియడ్‌లో కూర్చోబెట్టి రాయించడం. దయచేసి ఇది ఆపించండి. వీళ్లకి ఆట తీసేస్తే తర్వాతి రెండు పీరియడ్లూ పోతాయి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది బాబుకి రెండు వారాలుగా గ్రౌండ్ లేదన్న మాట.

మొదటి విడతలో ఈ మూడే అడగండి. నెట్‌లో చూసి ఇరవై అంశాల జాబితా పట్టుకెళితే టీచరు గారు మొదటి పేజీలోనే పక్కన పెట్టేస్తారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. 45 మంది, రోజుకి ఏడు పీరియడ్లు, వారానికో స్లిప్ టెస్ట్, ఆ పేపర్లన్నీ ఇంటికి మోసుకెళ్లి దిద్దాలి. మూడు పనులు, నెలరోజులు. పనిచేసినట్టు ఆవిడ కంటికే కనిపిస్తే నాలుగోది ఆవిడే అడుగుతారు.

ఇప్పుడు గాలం దగ్గరికి వద్దాం. బెండు కదిలినట్టు వాడికి క్లాసులో కూడా వెంటవెంటనే జవాబు దొరకాలి. దానికి రోజు కార్డు పెట్టండి. నా అనుభవంలో దీనంత బాగా పనిచేసిన వస్తువు ఇంకొకటి లేదు. పోస్టుకార్డు అంత కాగితం. పైన పీరియడ్లు, పక్కన మూడు వాక్యాలు. ఆ వాక్యాలు ‘అల్లరి చేయలేదు’ లాంటివి కాకూడదు, కంటికి కనిపించే పనులు కావాలి. ‘పని మొదలుపెట్టమన్న రెండు నిమిషాల్లో మొదలుపెట్టాను’, ‘చేయెత్తి మాట్లాడాను’, ‘పీరియడ్ అయ్యేసరికి నోటు టేబుల్ మీద పెట్టాను’ లాంటివి. పీరియడ్ చివర టీచరు టిక్కు పెడతారు, ఐదు సెకన్ల పని. టిక్కు లేకపోతే ఖాళీ వదిలేయడమే, ఇంటూ వద్దు, వ్యాఖ్య అసలే వద్దు. డైరీలో ఎర్ర పెన్ను బదులు ఇది రాయమని అడగండి, ఆవిడకీ పని తగ్గుతుంది.

సాయంత్రం ఇంట్లో టిక్కులు లెక్కపెట్టి అదే రోజు బహుమానం ఇవ్వాలి. ‘నెలంతా బాగుంటే సైకిలు కొంటాం’ అన్నది ఈ పిల్లలకి పనిచేయదు, నెల అంటే వాడికి వచ్చే జన్మ. నాన్న బండి మీద లాకుల దాకా ఒక రౌండు, రేపటి టిఫిన్ ఏంటో వాడే చెప్పడం, గాలం పట్టుకుని అరగంట. డబ్బు, కొత్త బొమ్మలు అక్కర్లేదు. మొదటి వారం వాడు తప్పకుండా గెలిచేంత తక్కువ పెట్టండి. ఇప్పుడు రోజుకి 21 టిక్కుల్లో ఎనిమిది వస్తున్నాయనుకుంటే, తొమ్మిదికే బహుమానం ఇచ్చేయండి. తర్వాత మెల్లగా పెంచవచ్చు. తక్కువ వచ్చిన రోజు తిట్టొద్దు, బహుమానం లేదు, అంతే. కార్డు పోగొట్టుకొస్తాడు, అది కూడా ఈ సమస్యలో భాగమే. సంచీ జిప్పుకి కట్టిన ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

మన ప్రాంతం సంగతి ఒకటి. జులై, ఆగస్టుల్లో లంకల్లో వరద సెలవులు వస్తాయి, దసరా, సంక్రాంతి సెలవులు ఉండనే ఉన్నాయి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం చూసి, పది రోజులు చుట్టాల ఇళ్లలో తిరిగి వచ్చిన పిల్లాడు సెలవులకి ముందున్న చోట ఉండడు. ‘మళ్లీ మొదటికొచ్చాడు’ అని బెంగపడొద్దు. సెలవుల తర్వాత మొదటి వారం టిక్కుల అంకె మళ్లీ తగ్గించి మొదలుపెట్టండి, ఎక్కువ రోజులు పట్టకుండానే పాత చోటికి వస్తాడు.

పరీక్షల విషయం. ‘అదనపు సమయం ఇప్పించండి’ అని మీరు రాశారు. కొందరికి అది వరం. చేతిరాత నెమ్మదిగా సాగేవాళ్లకి, చదవడంలో కూడా ఇబ్బంది ఉన్నవాళ్లకి తప్పకుండా కావాలి. మీ బాబు సంగతి వేరేలా కనిపిస్తోంది. అరగంటలో ఆగిపోయి కిటికీలోంచి చూసేవాడికి ఇంకో అరగంట ఇస్తే ఇంకో అరగంట కిటికీలోంచి చూస్తాడు. వాడికి కావలసింది పేపరుని రెండు ముక్కలు చేయడం. మొదటి ముక్క ఇచ్చి, అయిపోయాక తీసుకుని, లేచి నీళ్లు తాగి వచ్చాక రెండోది ఇవ్వాలి. వెనక పేజీ ఉందని ఎవరైనా ఒకసారి తిప్పి చూపించాలి. వెనక పేజీ చూడకుండా పేపరు ఇచ్చేసి మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని ఎంతమందినో చూశాను. కుదిరితే హెచ్‌ఎం గది మూల, లేకపోతే లైబ్రరీలో రాయించమనండి. ఎఫ్‌ఏ అనే చిన్న పరీక్షలకి ఇలా చేసి చూసి, తేడా కనిపిస్తే ఎస్‌ఏ అనే పెద్ద పరీక్షలకి కూడా అడగండి.

హోంవర్కు పేజీల లెక్కన కాకుండా టైము లెక్కన ఇమ్మనండి. నలభై నిమిషాలు కూర్చుని నిజాయితీగా చేసినంత చాలు, అక్కడ గీత గీసి మీరు సంతకం పెడతారు. చేతిరాత మూడు పేజీలు రాయించడం వల్ల ఈ పిల్లల చేతిరాత బాగుపడదు. మూడో పేజీ మొదటి పేజీ కన్నా ఘోరంగా ఉంటుంది, మీరే చూసి ఉంటారు.

ఎలా అడగాలన్నది కూడా ముఖ్యమే. పేరెంట్స్ మీటింగ్ రోజు క్యూలో నిలబడి అడగొద్దు. వేరే రోజు పావుగంట టైము అడిగి, మీ వారిని తీసుకుని వెళ్లండి. తల్లి ఒక్కతే వెళితే ‘గారాబం చేస్తోంది’ అనే బడులు ఇంకా ఉన్నాయి. చట్టంతో మొదలుపెట్టొద్దు, బాబుకి ఏది బాగా వచ్చో దానితో మొదలుపెట్టండి. మాట్లాడాక ఒక కాగితం ఇచ్చి, రెండో ప్రతి మీద తారీకు వేయించి సంతకం తీసుకోండి. ఇలా రాస్తే చాలు:

‘హెచ్‌ఎం గారికి, మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. వాడికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టు డాక్టరు గారు నిర్ధారించారు, ఆ కాగితం నకలు జతచేశాము. తరగతిలో వాడికి ఈ మూడు వీలు కల్పించమని కోరుతున్నాము: లెక్కలు, ప్రశ్నలు కాగితం మీద ఇవ్వడం, కిటికీకి, తలుపుకి దూరంగా టీచరు దగ్గర సీటు, పీరియడ్‌కి ఒకసారి పని చెప్పి లేపడం. వర్క్ పూర్తి కాలేదని ఆట సమయం తీసేయవద్దని మనవి. రోజు కార్డు మేమే తయారుచేసి పంపుతాము. నెల తర్వాత మీరు చెప్పిన రోజున వచ్చి ఎలా ఉందో మాట్లాడతాము.’

‘కార్డు మేమే తయారుచేసి పంపుతాము’ అన్న వాక్యం చాలా పని చేస్తుంది. ఈ కాగితం జాగ్రత్త చేయండి. జూన్‌లో కొత్త టీచరు వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి ఏడవక్కర్లేకుండా ఇదే చూపించవచ్చు.

హక్కు ఉందా అన్నారు. ఉంది, కానీ ఎంతవరకో సరిగ్గా తెలుసుకోండి, లేకపోతే మాట దగ్గర పట్టుబడతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలు ఉన్నాయి. అందులో ఏడీహెచ్‌డీ అన్న పేరు విడిగా లేదు. చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది, అంటే డిస్లెక్సియా లాంటివి, ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఇవి కూడా కలిసే ఉంటాయి. అందుకే మీ బాబుకి ఆ పరీక్ష కూడా చేయించండి. అది తేలేది ఎనిమిదేళ్లు దాటాకే, కాబట్టి మీకిది సరైన సమయం. తేలితే వైకల్య సర్టిఫికెట్‌కి దారి ఉంటుంది. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకి కూడా వర్తిస్తుంది, ప్రైవేటువి సహా. అలాంటి పిల్లల్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని అది చెబుతోంది. 17వ సెక్షన్‌లో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లాడు చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల నుంచి మినహాయింపు ప్రస్తావన ఉంది. 40 శాతం వైకల్యం ఉంటేనే ఏ వెసులుబాటైనా అనే వాదన ఎవరైనా చేస్తే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో దాన్ని తోసిపుచ్చింది. చేయి పట్టేసి రాయలేని ఆయనకి, 40 శాతం లేకపోయినా, స్క్రైబ్‌ని ఇవ్వాలంది. మనిషి అవసరాన్ని బట్టి సర్దుబాటు చేయడం చట్టంలో ఉన్న బాధ్యతేనని స్పష్టం చేసింది.

టీసీ మాటకి ఇంకా సూటి జవాబుంది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బడి నుంచి పంపేయకూడదు. అదే చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ రెండూ ప్రైవేటు బడులకీ వర్తిస్తాయి. ముందు మర్యాదగా మాట్లాడండి. మళ్లీ టీసీ అంటే, ‘ఆ మాట రాసి ఇవ్వండి సార్’ అని నెమ్మదిగా అడగండి. సాధారణంగా రాసి ఇవ్వరు. అప్పటికీ వినకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి అర్జీ పెట్టండి.

సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుందేమోనన్న మీ అత్తగారి భయం నాకు తెలుసు, చాలా ఇళ్లలో విన్నాను. ఆ కాగితం బీరువాలో ఉంటుంది, అవసరమైన చోట తీస్తాం. ముద్ర అయితే ఇప్పటికే పడింది. సోమరి, మొండి, అల్లరి అని క్లాసంతా వాణ్ణి అంటోంది. ఆ ముద్ర కన్నా అసలు పేరు నయం. బాబుకి కూడా చెప్పండి, దాచొద్దు. ‘నీ బుర్ర చురుకైనదే నాన్నా, ఒకచోట ఆగడం దానికి కష్టం. అందుకే ఈ అట్ట, ఈ కార్డు. కళ్లు కనపడకపోతే కళ్లజోడు పెట్టుకుంటాం కదా’ అంటే తొమ్మిదేళ్ల పిల్లాడికి చక్కగా అర్థమవుతుంది.

పదో తరగతి ఇంకా ఆరేళ్లు దూరం. ఇప్పుడు తెలుసుకోవాల్సింది ఒక్కటే: అదనపు సమయం, స్క్రైబ్ లాంటివి పబ్లిక్ పరీక్షల్లో సర్టిఫికెట్ మీదే ఇస్తారు, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్లేటప్పుడే హెచ్‌ఎం ద్వారా దరఖాస్తు కదలాలి. హాల్‌టికెట్లు వచ్చాక పరిగెత్తుకొచ్చే తల్లిదండ్రుల్ని ఏటా చూస్తున్నాను. సీబీఎస్‌ఈ బడిలో ఉంటే అర్హత ఉన్నవారికి మూడు గంటల పేపరుకి ఒక గంట అదనంగా ఇస్తారు.

చూపించుకునే చోట్లు. డాక్టరు గారు ఇప్పటికే చూశారు కాబట్టి రోగనిర్ధారణ గురించి కొత్తగా చెప్పను. కానీ చెవి, కన్ను పరీక్షలు అయ్యాయో లేదో మీరు రాయలేదు. చెవిలో ద్రవం చేరి సగమే వినపడే పిల్లలూ, బోర్డు కనపడని పిల్లలూ ఏడీహెచ్‌డీ పేరుతో నా దగ్గరికి వచ్చారు. రాత్రి గురక పెట్టి నోటితో గాలి పీల్చే పిల్లాడికి నిద్ర చాలదు, పగలు నిలకడ ఉండదు. రక్తహీనత ఉందేమో చూడాలి. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంగా చూస్తూ పిలిచినా పలకకపోతే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు, తప్పకుండా చెప్పండి. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) బృందాలు చూసే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ కేంద్రాలకి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రాలకి, పంపుతారు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఎక్కడుందో ఎంఈవో ఆఫీసులో అడగండి. అక్కడ మాలాంటి వాళ్లు ఉంటారు. ప్రైవేటు బడి పిల్లల తల్లిదండ్రులు కూడా మా దగ్గరికి వచ్చి అడుగుతూనే ఉంటారు. మీకే మనసు బరువెక్కి మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

మందు మొదలుపెడితే టీచరుకి ఒక్క పని చెప్పండి: ఏ పీరియడ్లు బాగున్నాయి, ఏవి బాగాలేవు అన్నది కార్డులో కనిపించేలా టిక్కులు నిజాయితీగా పెట్టమని. డాక్టరు గారికి ఆ కార్డులే చూపించండి. లంచ్ బాక్సు నిండుగా తిరిగి వస్తుంటే అదీ చెప్పండి, ఈ మందుల్లో కొన్నిటికి ఆకలి తగ్గుతుంది. డాక్టర్ని అడగకుండా మధ్యలో ఆపొద్దు. జ్ఞాపకశక్తి పొడులు, లేహ్యాలు అంటూ వచ్చేవాళ్లకి వేలకి వేలు పోయొద్దు. ఆ డబ్బుతో వాణ్ణి ఈతకి పంపండి. చక్కెర మానిపిస్తే తగ్గుతుందన్నది కూడా నిజం కాదు. రాత్రి ఫోన్ మాత్రం తీసేయండి, అది నిద్రని తింటుంది.

ఈ సందర్భంలో ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట. అల్లరి చేయని రకం కూడా ఉంది. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుని, కిటికీలోంచి కొబ్బరి చెట్లు చూస్తూ, ఎవరికీ ఇబ్బంది పెట్టని అమ్మాయి. ఆమె మీద ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏడో తరగతిలో మార్కులు పడిపోయాక ‘మొద్దు’ అంటారు. టీచర్లెవరైనా ఇది చదువుతుంటే రేపు మీ క్లాసులో ఆ బెంచీ వైపు ఒకసారి చూడండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: దసరా సెలవులు అయ్యి బడి తెరిచాక మొదటి వారంలోనే హెచ్‌ఎం గారిని టైము అడగండి, ఈలోపు శుభలేఖ అట్ట తయారుచేసి ఇంట్లో వాడించి చూడండి. కార్డు మొదలయ్యాక రెండు వారాలవి దాచి, ఏ పీరియడ్‌లో ఖాళీలు ఎక్కువగా ఉన్నాయో నాకు రాయండి. లంచ్ ముందా, తర్వాతా, రాత పనిలోనా, వినే పనిలోనా అన్నది చూసి, నాలుగోదిగా ఏమడగాలో అప్పుడు నిర్ణయిద్దాం.